ఫ్యూజక్క పెట్టని సంతకం

ఆ కాయితం ఫ్యూజక్క బల్ల మీదికి వచ్చేసరికే దాని మీద ఆరుగురి గిలుకుళ్ళున్నాయి. సంతకాలు కావవి, ఉత్త గిలుకుళ్ళే. ‘చూశాను’ అని ఒకరు, ‘తగు చర్య నిమిత్తం’ అని ఒకరు, ‘కింది విభాగానికి’ అని ఇద్దరు, ఏమీ రాయకుండా పేరులో మొదటి అక్షరం గీకి పక్కకు తోసేసినవాళ్ళు ఇద్దరు. అసలు సంతకం పెట్టాల్సిన గీత మాత్రం ఖాళీగా ఉంది. ఆ గీత కింద ‘సాంకేతిక బాధ్యురాలు’ అని టైపు కొట్టి ఉంది. డిపో మొత్తంలో ఆ విభాగానికి ఆడమనిషి ఒక్కతే. ఎవరి మెడకు చుట్టాలో ముందే తేల్చుకుని మరీ టైపు కొట్టించారన్నమాట.

కాయితంలో ఉన్నది ఇంతే: ‘ఈ డిపోలోని ఇరవై విద్యుత్ బస్సుల నుండి చైనా తయారీదారు అమర్చిన సమాచార పెట్టెలను తొలగించిన పిమ్మట కూడా సదరు బస్సులు ప్రయాణికులకు సంపూర్ణంగా సురక్షితమని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను.’ బస్సుకొక్కటి చొప్పున ఇలాంటివి ఇరవై.

ఫ్యూజక్క రెండుసార్లు చదివింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మూడోసారి చదివింది. తరువాత కట్ట మొత్తాన్ని బల్ల మీద బోర్లించి, ఎగిరిపోకుండా మీద పెద్ద స్పానరు పెట్టి, “వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది” అంది.

ఆవిడ సంగతి కాస్త చెప్పాలి. పదకొండేళ్ళు ఇదే డిపోలో కండక్టరుగా చేసింది. కిక్కిరిసిన బస్సులో రోజుకు ఎనిమిది గంటలు నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. దిగాల్సిన చోటు దాటిపోయాక నిద్ర లేచి తననే తిట్టే ప్రయాణికులతో వేగి వేగి ముక్కు మీదికి కోపం వచ్చి అక్కడే కాపురం పెట్టింది. నాలుగేళ్ళ కిందట చైనా నుంచి ఇరవై కరెంటు బస్సులు దిగినప్పుడు వాటి దగ్గర పని నేర్చుకోవడానికి మనుషులు కావాలని నోటీసు పెట్టారు. డిపో మెకానిక్కులు ఒక్కరూ ముందుకు రాలేదు. “ఇంజనే లేదు, నూనే లేదు, చప్పుడే లేదు, అదీ ఒక బండేనా?” అని పెదవి విరిచారు. ఫ్యూజక్క మాత్రం నోటీసులో ‘కూర్చుని చేయు పని’ అన్న ముక్క చూసి ఆ పూటే పేరిచ్చేసింది.

మొదటి వారంలోనే ఏదో తప్పు స్విచ్చి నొక్కి డిపో మొత్తం చీకటి చేసింది. ఆ పేరు అప్పుడొచ్చింది. అసలు పేరు జీతం కాయితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

ఆమెకు పని నేర్పినవాడు బస్సులతో పాటు వచ్చిన చైనా ఇంజనీరు. అరవై దాటిన మనిషి, ఎప్పుడు చూసినా చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. ఆయన భాష ఈమెకు రాదు, ఈమె భాష ఆయనకు రాదు. ఎనిమిది నెలలు వేలితో చూపించడమూ తల ఊపడమూనే. బస్సు తెర మీద తప్పు పడితే ఒక నంబరు కనిపిస్తుంది. ఆ నంబర్లు గుర్తు పెట్టుకోలేక ఫ్యూజక్క వాటికి చుట్టరికాలు కలిపింది. ఎవరినీ దగ్గరికి రానివ్వని తప్పు అత్తగారు. పిలవకుండా వచ్చి, ఎవరూ ఏమీ అనకముందే అలిగి తనంతట తానే వెళ్ళిపోయేది ఆడపడుచు. ప్లగ్గు పెడితే ఛార్జింగు ఎక్కక, తీసి మళ్ళీ పెడితే ఎక్కక, మూడోసారి బతిమాలినట్టు పెడితేగాని దిగిరానిది పెద్దల్లుడు. ముసలాయన మిగతా భాషంతా వదిలేసి ఈ మూడు మాటలూ నేర్చుకున్నాడు. షెడ్డు ఆ చివరి నుంచి “అత్తగారూ!” అని కేక పెడితే ఈ చివరి నుంచి ఫ్యూజక్క చేతి తొడుగులు వేసుకుని పరిగెత్తేది. ఆమె ఆయన్ని గురువుగారనేది. తండ్రి తరువాత తనను విసుక్కోకుండా రెండోసారి చెప్పిన మగవాడు ఆయనొక్కడే అనేది, అదీ మొగుడు వింటుండగా.

అలాగని ఆ కంపెనీ మీద ఆమెకు ప్రేమేమీ లేదు. ఒళ్ళు మంట. బస్సుల్లోని కంప్యూటరుకు పాస్‌వర్డు ఉంది, అది మాత్రం ఇవ్వరు. అద్దం తుడిచే పుల్ల విరిగినా వాళ్ళకు ఉత్తరం రాయాలి, వాళ్ళు అక్కడి నుంచి తెరవాలి, అప్పుడు ఇక్కడ పుల్ల మార్చాలి. “తాళం చెవి ఇవ్వకుండా వాళ్ళు అమ్మారు. తాళం ఉందో లేదో చూడకుండా వీళ్ళు కొన్నారు. మధ్యలో గుమ్మం దగ్గర నిలబడేది నేను” అని నాలుగేళ్ళుగా వినేవాళ్ళకీ విననివాళ్ళకీ చెబుతూనే ఉంది.

తరువాత రాజ్యాల మధ్య ఏం చెడిందో ఏమో, చెడింది. సముద్రం మీద ఏదో గొడవన్నారు, ఓడరేవు ఎవరికిచ్చారన్నదాని మీద ఇంకో గొడవన్నారు. పేపర్లో పెద్ద పెద్ద అక్షరాలు వచ్చాయి. ‘ఆ దేశం మన ఇంట్లోకి వచ్చి కూర్చుంది’ అని ఒకాయన ఉపన్యాసం. అంతకు మూడేళ్ళ ముందు ఇవే బస్సులకు రిబ్బను కత్తిరించింది కూడా ఆయనే, ఫ్యూజక్క అప్పుడు పళ్ళెం పట్టుకుని పక్కనే ఉంది. చైనావాళ్ళ అనుమతులు పొడిగించలేదు. వారంలో సర్దుకుని పొమ్మన్నారు. గురువుగారు వెళ్ళేటప్పుడు ఫోన్లో ఏదో మాట్లాడి, దాని చేత ఈమె భాషలో చెప్పించాడు. “మీకు పాస్‌వర్డు ఇవ్వమని కంపెనీని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ వద్దన్నారు. నాకు సిగ్గుగా ఉంది” అంది ఫోను. ఫ్యూజక్క ఆయన ఫ్లాస్కులో వేడినీళ్ళు నింపి ఇచ్చింది.

ఆ తరువాత విడిభాగాలు రావడం ఆగింది. తెప్పించాలంటే తొమ్మిది ఫారాలు, తొమ్మిదిటికీ తొమ్మిది కార్యాలయాలు. ఈలోగా ఇంకో దేశం నుంచి సూట్లు వేసుకున్న నలుగురు వచ్చి షెడ్డంతా ఫోటోలు తీసుకున్నారు. తమ దేశపు బస్సులైతే ఎంత నమ్మకమైనవో చెప్పారు. “పాస్‌వర్డు ఇస్తారా?” అని ఫ్యూజక్క అడిగింది. వాళ్ళు నవ్వి, అది మా విధానానికి సంబంధించిన విషయం అన్నారు. “అయితే చైనావాళ్ళూ మీరూ ఒక తాను ముక్కలే” అని ఈమె గొణిగింది. డిపో సారు దగ్గి మాట మార్చేశాడు.

ఇక బస్సుల్లోని సమాచార పెట్టెల సంగతి తేల్చడానికి కమిటీ. అయిదుగురొచ్చారు. కమిటీ పెద్దాయన బస్సులోకి ఎక్కకుండానే, కింద నుంచే చూస్తూ అడిగాడు.

“చూడమ్మా, సూటిగా చెప్పు. ఆ దేశంలో కూర్చుని ఎవరైనా ఒక బటన్ నొక్కితే ఈ బస్సులన్నీ ఒకేసారి ఆగిపోతాయా?”

“ఆగిపోతాయి సార్.”

కాదు, అలాంటిదేమీ లేదు అనే జవాబు డిపో సారు ముందు రోజే రాసి పెట్టుకున్నాడు.

“కంపెనీనే అడిగాం కదా సార్. నలభై పేజీల జవాబిచ్చారు. మొత్తం చదివితే తేలింది ఏమిటంటే, ఆపగలం గానీ ఆపం, అని. నాకూ భయమే. కాకపోతే వాళ్ళు ఏ పెట్టెతో ఆపగలరో అదే పెట్టె నాకింకో పని చేసి పెడుతోంది. ఒక్కో బస్సులో ఎనిమిది బ్యాటరీలున్నాయి. ఏది ఎంత వేడెక్కిందో నిమిషం నిమిషం నా తెర మీద చూపించేది ఆ పెట్టే. డ్రైవరు ముందు ఎర్రదీపం ఉంది, నిజమే. అది వెలిగేసరికి చెయ్యి దాటిపోతుంది. పెట్టె అరగంట ముందు చెబుతుంది. మొదటి ఏడాది తొమ్మిదో నంబరు బస్సుకు అలాగే తెలిసింది. పెట్టె చెప్పబట్టి ఆ బ్యాటరీ విడదీశాం, లేకపోతే షెడ్డు మిగిలేది కాదు.”

“అయితే ఏం చేయమంటావు?”

“పెట్టె ఉంచండి. అందులో బయటికి మాట్లాడే సిమ్ము ఒక్కటి పీకేయండి. పెట్టెలోంచి నా కంప్యూటరుకు ఒక తీగ లాగిద్దాం. దానికి పాస్‌వర్డు కావాలి. అది మాత్రం వాళ్ళ పీక మీద కూర్చుని మీరు తెప్పించాలి. అంతే సార్, వారం పని.”

కమిటీ పెద్దాయన ఆమెను మెచ్చుకున్నాడు. చాలా బాగా చెప్పావన్నాడు. పక్కనున్నాయన రాసుకున్నాడు కూడా. వెళ్ళేటప్పుడు పెద్దాయన, “కానీ అమ్మా, మా కమిటీ పరిధి తీసేయాలా వద్దా అన్నంతవరకే. తీగ లాగడం మా పరిధిలోకి రాదు” అన్నాడు. నాలుగో రోజు ఆర్డరు వచ్చింది. తీసేయాలి. మూడు రోజుల్లో. తీశాక సురక్షితమని కింద ఒకరు సంతకం పెట్టాలి. సంతకం లేనిదే బస్సు గేటు దాటకూడదు.

పెట్టెలు తీయడానికి మనుషుల్ని వాళ్ళే పంపారు. ఇద్దరు కుర్రాళ్ళు స్క్రూలు విప్పి, తీగలు కత్తిరించి, ఇరవై పెట్టెలూ ఇనప బీరువాలో పెట్టి, సీలు వేసి, తాళం వేసి వెళ్ళారు. ఫ్యూజక్క బల్ల మీది తెరలో ఇరవై గళ్ళు ఒకదాని తరువాత ఒకటి నల్లబడ్డాయి. చివరికి పదిహేడో గడి కూడా నల్లబడినప్పుడు ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

పదిహేడో నంబరు బస్సు నడిపేది ఆమె మొగుడు. ఆయన్ని డిపోలో అందరూ పదిహేడు అనే పిలుస్తారు. నెమ్మదస్తుడు, గొడవంటే ఆమడ దూరం. ఆ బస్సు మూడో బ్యాటరీకి జబ్బుంది. మధ్యాహ్నం పూట వంతెన ఎక్కేటప్పుడు వేడెక్కుతుంది. కొత్తది తెప్పించమని ఫ్యూజక్క తొమ్మిది ఫారాలూ నింపి ఏడు నెలలైంది. తొమ్మిదిట్లో నాలుగు తిరిగొచ్చాయి, ‘చైనా’ అన్న చోట ‘విదేశీ’ అని రాయమని.

డిపో సారు పిలిపించాడు. ఆయన గదిలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది, అయినా ఆయనకు చెమటలు పడుతున్నాయి.

“చూడమ్మా, ఊరికే సంతకమే కదా.”

“ఊరికే అయితే మీరే పెట్టండి సార్.”

“నేను పరిపాలన మనిషిని. నాకు బ్యాటరీ అంటే ఏం తెలుసు?”

“తెలియనివాళ్ళే సంతకం పెట్టాలి సార్ దీని మీద. తెలిసినవాళ్ళు పెట్టరు.”

ఆయన అసలు మాట బయటపెట్టాడు. “పైనుంచి మాటొచ్చింది. సంతకం పెట్టకపోతే నీకు పని రాదని రాసి ఈ విభాగం ఎత్తేస్తారట. నిన్ను మళ్ళీ డీజిల్ బస్సుల్లో కండక్టరుగా వేస్తారు. నీ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా. నన్ను అపార్థం చేసుకోకు.”

ఫ్యూజక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. “నాలుగేళ్ళు నేను చెప్పింది గోడకు చెప్పుకున్నట్టయింది. ఇప్పుడు నా సంతకం లేకపోతే మాత్రం దేశం ఆగిపోతోందా?” అని, తలుపు తోసుకుని బయటికొచ్చేసింది. ఆ తలుపు తోసేది కాదు, లాగేది. రెండుసార్లు తోసి, మూడోసారి లాగి వెళ్ళింది. కోపంలో అది కూడా అవమానమే అనిపించింది.

రెండు రోజులు ఇరవై బస్సులూ షెడ్డులోనే ఉన్నాయి. గేటు బయట జనం పోగై తిట్టడం మొదలుపెట్టారు. చైనావాళ్ళను తిట్టినవాళ్ళున్నారు, కమిటీని తిట్టినవాళ్ళున్నారు, సంతకం పెట్టని ఆడమనిషి ఎవరో ఉందట అని ఎక్కడో విని ఆమెను తిట్టినవాళ్ళే ఎక్కువ. ఒకావిడ గేటు ఊచల్లోంచి ఫ్యూజక్కనే పిలిచి, “ఆవిడెవరో తెలుసా మీకు?” అని అడిగింది. “తెలుసమ్మా, మహా మొండిది” అని ఫ్యూజక్క లోపలికి పోయింది.

వాళ్ళుండేది డిపో వెనక రెండు గదుల క్వార్టరు. ముందు గదిలో మంచం, వెనక గదిలో పొయ్యి, మధ్యలో తలుపు లేని గుమ్మం. రెండో రోజు సాయంత్రం ఆమె కూర తరుగుతోంది. పదిహేడు గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఆమె ఎడమ మోకాలికి వాపు తగ్గే మందు రాస్తున్నాడు.

“పోనీ పెట్టెయ్యవే. ఏం కాదు.”

“ఏం కాదని నీకెవరు చెప్పారు?”

“నాలుగేళ్ళుగా నడుపుతున్నా గదా, నాకు తెలీదా నా బండి?”

“నీకేం తెలుసు నీ బండి! రోజూ మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేసి నెమ్మదిగా పో, ఏసీ ఆపు అంటాను చూడు, నీ మీద ప్రేమ కారిపోయి అనుకున్నావా?”

“మరి?”

“నీ మూడో బ్యాటరీ యాభై డిగ్రీలు దాటుతుంటుంది. వంతెన సగం ఎక్కేసరికి యాభై నాలుగు. నేను తెర చూసి ఫోన్ చేస్తాను, నువ్వు విసుక్కుంటూ ఏసీ ఆపుతావు, అది నలభై ఎనిమిదికి దిగుతుంది, అప్పుడు నేను అన్నం తింటాను. ఏడు నెలల నుంచి ఇదే బతుకు నాది. ఇప్పుడు తెర నల్లగా ఉంది. ఎప్పుడు ఫోన్ చేయాలో నాకెలా తెలుస్తుంది?”

పదిహేడు మందు రాయడం ఆపాడు. ఏడు నెలల ఫోన్లూ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాడు కాబోలు. అందులో సగం సార్లు విసుక్కున్నాడు, రెండు మూడుసార్లు అసలు ఎత్తలేదు.

“అయితే సంచి తగిలించుకుంటావా మళ్ళీ?” అన్నాడు చివరికి.

“తగిలించుకుంటా.”

“నిలబడలేవే నువ్వు. మొన్న మెట్లెక్కలేక సగంలో కూర్చుండిపోయావు.”

“కూర్చునే చేస్తా కండక్టరీ. నువ్వు నోరు మూసుకుని ఆ రెండో కాలికి రాయి.”

ఆయన నోరు మూసుకుని రాశాడు. అది ఒప్పుకోలే అనుకోవడం ఆమె చేసిన పొరపాటు. ఆ మనిషి నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టు కాదని పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఆమెకు ఎన్నోసార్లు తెలిసొచ్చింది, అయినా ఆ పూట గుర్తు రాలేదు.

మూడో రోజు ఫ్యూజక్క సెలవు పెట్టి, తొమ్మిది ఫారాల కార్యాలయాల చుట్టూ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. నాలుగో రోజు తెల్లవారి డిపోకి వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. డ్రైవర్లు ఇస్త్రీ చొక్కాలతో బస్సుల పక్కన నిలబడి ఉన్నారు. ఎన్నడూ తొమ్మిదికి ముందు రాని డిపో సారు ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు.

“అమ్మా, పెద్ద గండం గట్టెక్కించారు మీ ఆయన. కమిటీ పెద్దాయన దయతో ఆర్డరులో ఒక ముక్క చేర్పించాం, సాంకేతిక బాధ్యురాలు లేదా సీనియర్ డ్రైవరు, అని. నిన్న మధ్యాహ్నం ఇరవైటి మీదా సంతకాలు పెట్టేశారు. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. నిశ్చింతగా ఉండు.”

ఫ్యూజక్క కట్ట తీసుకుని చూసింది. ఇరవై కాయితాలు, ఇరవైటి మీదా మొగుడి సంతకం. కరెంటు బిల్లు మీదైనా ఆమెను అడిగి సంతకం పెట్టే మనిషి.

పదిహేడు తన బస్సు అద్దం తుడుస్తున్నాడు. ఆమె రావడం చూసి గుడ్డ రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

“ఏమయ్యా, మొన్న నేను చెప్పింది చెవికెక్కిందా లేదా?”

“ఎక్కింది.”

“ఎక్కాకే పెట్టావా?”

“నువ్వు మళ్ళీ ఆ బస్సుల్లో నిలబడ్డం నేను చూడలేను. వేడెక్కితే నా బండే గదా వేడెక్కేది. నేను చూసుకుంటా, నెమ్మదిగా పోతా. ఏసీ అసలు వేయను.”

“నీ బండేనట! వెనకాల అరవై మంది కూర్చుంటారు, వాళ్ళేం చేశారయ్యా? నా మోకాళ్ళ కోసం వాళ్ళను తీసుకెళ్ళి మంట మీద కూర్చోబెడతావా? నీకేమైనా అయితే ఈ మోకాళ్ళు పెట్టుకుని నేనేం చేసుకోను?”

ఆయన “పోనీలేవే, ఏం కాదు” అనబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

ఫ్యూజక్క షెడ్డులోకి వెళ్ళి మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకుంది. ఒక గోనెసంచి తీసుకుంది. ఈ బస్సులకు ప్రతిదానికీ వెనక భాగంలో ఒక చిన్న తలుపు, అందులో నారింజరంగు పిడి ఉన్న ప్లగ్గు ఒకటి ఉంటుంది. కొబ్బరికాయంత బరువు. రిపేరు చేసేవాళ్ళు చచ్చిపోకుండా ముందు దాన్ని పీకుతారు. అది లేకపోతే బ్యాటరీల కరెంటు బండికి చేరదు, చక్రం అంగుళం కదలదు. బండి ఆపి తాళం చెవి తీసి ఉందో లేదో ఒక్కోటీ చూసుకుని, ముందు పదిహేడుది పీకింది. తరువాత ఒకటి నుంచి వరసగా వచ్చింది. డ్రైవర్లు అదేదో రోజూ చేసే పరీక్షే అనుకుని పక్కకు జరిగి దారిచ్చారు. ఒకతను సంచి పట్టుకుని సాయం కూడా చేశాడు. పదమూడో బస్సు దగ్గర ఎవరో తాళం తిప్పి, “అక్కా, దీపం కూడా వెలగట్లేదే” అన్నాడు. “వెలగదు” అని ఆమె పద్నాలుగో బస్సుకు వెళ్ళింది.

సంచి నేల మీద ఈడ్చుకుంటూ డిపో సారు గదికి వచ్చి, ఈసారి తలుపు సరిగ్గా తోసి, సంచి మధ్యలో పడేసి దాని మీద కూర్చుంది.

ఎనిమిదింటికల్లా కమిటీ మొత్తం దిగింది. వాళ్ళతో భద్రతా శాఖ ఆఫీసరు ఒకాయన కూడా. పెద్దాయనకు మాట తడబడింది.

“ఇరవై బస్సులు! ఒకేసారి! ఎవరు చేయించారమ్మా నీ చేత? ఎవరు చెప్పారు? ఏ దేశంవాళ్ళు?”

“ఏ దేశం సార్, నా దేశం రెండు గదులు! మా ఆయన మీద ఒళ్ళు మండి పీకాను.”

“దీన్నేమంటారో తెలుసా? విద్రోహం అంటారు!”

“మీరేమైనా అనండి. ఎక్కడో కూర్చుని ఎవడో ఆపేస్తాడని ఇంత హడావిడి చేశారే, వాడు ఇంతవరకూ ఒక్క బస్సు ఆపలేదు. ఆపుతాడేమో, నేను కాదనను, తీగ లాగండి, సిమ్ము పీకండి అని మొత్తుకున్నాను. వాడు మనల్ని ఏదో చేస్తాడని మనమే మన జనాన్ని కళ్ళకు గంతలు కట్టి ఎక్కిస్తున్నాం. వాడికింక పనేముంది సార్?”

గేటు దగ్గర జనం అరుపులు కిటికీలోంచి వినిపిస్తున్నాయి.

“ఇరవై ప్లగ్గులూ ఇప్పుడే పెట్టేస్తాను. పావుగంట పని” అంది ఫ్యూజక్క. “మీలో ఒక్కరు ఆ పదిహేడో నంబరు కాయితం మీద, మా ఆయన పేరు కొట్టేసి, మీ పేరు రాసి, పూర్తి సంతకం పెట్టండి. మొదటి అక్షరం గీకడం కాదు, పూర్తి సంతకం.”

డిపో సారు కలం తీసి, అది కాలుతున్నట్టు గబుక్కున కమిటీ పెద్దాయన ముందు పెట్టాడు. పెద్దాయన, తాను విధానం చూసేవాణ్ణే గాని సాంకేతిక వ్యక్తిని కానన్నాడు. పక్కాయన, తాను రాసుకోవడానికి వచ్చానన్నాడు. మిగతా ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కలం భద్రతా ఆఫీసరు దగ్గరికి వచ్చింది.

“మాది దేశ భద్రత. ప్రయాణికుల భద్రత వేరే శాఖ” అన్నాడాయన, చాలా మర్యాదగా.

పదిహేడు అప్పటిదాకా గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. లోపలికొచ్చి, ఎవరినీ అడగకుండా ఆఫీసరు ముందున్న కలం తీసుకున్నాడు. బల్ల మీది కట్ట తీసుకుని సంచి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఒడిలో పెట్టుకుని మొదటి కాయితం మీద తన సంతకం అడ్డంగా కొట్టేశాడు. తరువాత రెండోది. కమిటీ పెద్దాయన, “ఏమిటిది, ఒకసారి పెట్టాక కొట్టేయడానికి లేదు, మీ ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి” అన్నాడు. పదిహేడు తల ఎత్తలేదు. నిన్న ఇరవై సంతకాలు గబగబా అయిదు నిమిషాల్లో పెట్టిన మనిషి, ఇప్పుడు ఒక్కోదాన్నీ గట్టిగా, కింద కాయితం మీద కూడా గీత పడేలా కొడుతున్నాడు. పదిహేడో కాయితం దగ్గర కాసేపు ఆగాడు. “దీని మీద పెట్టేటప్పుడు నీ రెండింటి ఫోనే గుర్తొచ్చింది” అన్నాడు, ఆమె ఒక్కదానికే వినపడేలా.

“ఈ బుద్ధి నిన్న మధ్యాహ్నం ఏమైందయ్యా నీకు!” అంది ఫ్యూజక్క. అంతమంది ఆఫీసర్ల ముందే, అంత గట్టిగా. రబ్బరు తొడుగులు ఇంకా చేతికే ఉన్నాయి. కళ్ళు భుజానికేసి తుడుచుకుని, పద్దెనిమిదో కాయితం తనే అందించింది.